మూల దగ్గర ట్రేలు

బుధవారం, రాత్రి 10 దాటింది.

పొద్దున్నుంచి ఒకే మూల దగ్గర ఉన్నాను. భీమవరం వైపు ఒక రొయ్యల ప్లాంటు కోసం చేస్తున్న కన్వేయర్ సిమ్యులేషన్ ఇది. ఇనుము కొనకముందే స్క్రీన్ మీద నడిపి చూసుకోవాలి. ట్రేలు గది చుట్టూ నిమిషానికి 30 చొప్పున తిరగాలి. వేగం సెకనుకు 20 సెంటీమీటర్లు, మలుపులో కూడా అంతే ఉండాలి. తిన్నటి దారిలో ఏ పేచీ లేదు. మూల వచ్చేసరికి మాత్రం ముందు ట్రే నెమ్మదించడం, వెనకది వచ్చి దాన్ని గుద్దడం.

తప్పు నేను గీసిన గీతలోనే ఉంది. మూల గుండ్రంగా రావాలని బెజియర్ కర్వ్ (కొన్ని బిందువులిస్తే కంప్యూటర్ నున్నగా గీసే వంపు) వేశాను. ట్రేని నడిపే విలువ 0 నుంచి 1 దాకా సమానంగానే పెరుగుతుంది, కానీ ఆ విలువ దూరం కాదు. లంబకోణపు మలుపులో మూల బిందువునే కంట్రోల్ పాయింటుగా, అంటే వంపుని తనవైపు లాగే బిందువుగా పెడితే, సరిగ్గా నడిమధ్యకి వచ్చేసరికి వేగం 71 శాతానికి పడిపోతుంది. కాగితం మీద లెక్క కట్టినా అంతే వచ్చింది. అందుకని కర్వ్‌ని 200 ముక్కలు చేసి, ఏ ముక్క దాకా వస్తే ఎంత దూరం నడిచినట్టో పట్టిక తయారుచేశాను. ఇప్పుడు ట్రే ముందు దూరం చూసుకుని, పట్టికలో దానికి తగ్గ చోటుకి వెళ్తుంది. వేగం గీత గీసినట్టు 20 దగ్గర నిలబడింది.

అయినా ట్రేలు తగులుతూనే ఉన్నాయి. ట్రేల మధ్యబిందువుల నడుమ దూరం సరిగ్గానే ఉంది, లోపలి మూలలు మాత్రం ఒకదాంట్లోకి ఒకటి దూరిపోతున్నాయి. అన్నం కూడా సహించలేదు.

దాళ్వా నాట్లు చూసుకుని నాన్నగారు మధ్యాహ్నం ఇంటికొచ్చారు. కాళ్లు కడుక్కుని నా వెనక నిలబడి స్క్రీన్ చూశారు.

"ఏంటమ్మా, బంతి తోలుతున్నావా?"

బంతి తోలడమంటే కళ్లంలో ఎద్దుల్ని గుండ్రంగా తిప్పి వడ్లు రాలేలా తొక్కించడం. నేనది చూడలేదు. నాకు ఊహ తెలిసేసరికే కోత మిషన్లు వచ్చేశాయి. ఆయన కుర్చీ లాక్కుని చెప్పారు: నడుమ గుంజ, దాని పక్కన ముసలి ఎద్దు, వరసలో చిట్టచివర కోడె. "అన్నీ కలిసే తిరగాలి. లోపల్ది నిలబడ్డట్టే అడుగేస్తది, చివర్ది పరిగెత్తాలి. ముసల్దాన్ని చివర కడితే తాడు తెగుద్ది."

నేను చూస్తున్నది నడిమెద్దు వేగం ఒక్కటే!

ట్రే వెడల్పు 40 సెంటీమీటర్లు. లోపలి అంచు మీద ఒకటి, బయటి అంచు మీద ఒకటి ఎర్ర చుక్కలు పెట్టి మలుపు నడిమధ్యన ఆపి చూశాను. అక్కడ కర్వ్ వ్యాసార్థం 21 సెంటీమీటర్లే. బయటి చుక్క సెకనుకు 39 సెంటీమీటర్లు పోతోంది. లోపలి చుక్క వేగం సెంటీమీటరే, ఆయన చెప్పిన ముసలి ఎద్దులాగే నిలబడ్డట్టు ఉంది.

ఇక కర్వ్ తీసేసి 60 సెంటీమీటర్ల వ్యాసార్థంతో అచ్చమైన వృత్తపు ముక్క పెట్టాను. ప్లాంటు సూపర్‌వైజర్ గారికి ఫోన్ చేస్తే, గోడవారనున్న బల్ల జరిపితే చోటు సరిపోతుందన్నారు. ట్రే పొడవు 30. ఒక ట్రే మధ్య నుంచి ఇంకో ట్రే మధ్యకి 40 ఉన్న దూరాన్ని 45 చేశాను. దాంతో లోపలి మూలల మధ్య దాదాపు ఒకటిన్నర సెంటీమీటరు సందు దొరికింది. దూరం పెరిగింది కాబట్టి నిమిషానికి 30 ట్రేలు రావాలంటే వేగం 22.5 కావాలి. అదీ మార్చాను. సాయంత్రం గంటసేపు నడిపితే ఒక్కటీ తగల్లేదు. ఆ ఒకటిన్నర సెంటీమీటరు సందుని ఎంతసేపు చూసినా తనివి తీరలేదు.

దీపాలు పెట్టాక నాన్నగారు మళ్లీ వచ్చారు.

"లోపల్ది నడుస్తోందా ఇప్పుడు?"

"15 నాన్నగారూ. బయటిది 30."

"అయితే పర్లేదు. రెట్టింపేగా, కోడె తట్టుకుంటది."

తిన్నటి దారి నుంచి వృత్తంలోకి దిగే చోట పక్కకి లాగే బలం ఒక్కసారిగా వస్తుంది. రైలు పట్టాలకైతే అక్కడ వంపు కొద్దికొద్దిగా పెంచుతారు. రేపు ట్రేల్లో ఐసునీళ్లు పోసినట్టు పెట్టి, ఆ చోట తొణుకుతాయేమో చూడాలి.