ఆస్టరిస్క్‌తో ఆసుపత్రి ఫోన్లు: మొదటి అమరికలో నా అనుభవం

విజయవాడలో ఒక చిన్న ఆసుపత్రికి ఆస్టరిస్క్‌తో, అంటే మామూలు కంప్యూటర్‌ను ఫోన్ ఎక్స్ఛేంజీగా మార్చే సాఫ్ట్‌వేర్‌తో, ఫోన్ వ్యవస్థ పెట్టాను. రిసెప్షన్, ల్యాబ్, మందుల కౌంటర్, స్కానింగ్, డాక్టర్ల గదులు కలిపి 14 ఎక్స్‌టెన్షన్లు. ఒకేసారి 10 కాల్స్ పట్టే ఎస్‌ఐపీ (సిప్) ట్రంక్ ఒకటి, అంటే ఆపరేటర్ నెట్ మీద ఇచ్చే ఫోన్ లైను. వీటికి తోడు చుట్టుపక్కల ఊళ్లవాళ్ల డైరీల్లో ఏళ్లుగా ఉన్న పాత ల్యాండ్‌లైన్ నంబరు. ఈ పని కొత్తగా చేపట్టేవాళ్లు ఇన్‌స్టాల్ చేయడం గురించే ఎక్కువ కంగారు పడతారు. నిజానికి అది తేలికైన భాగం. అసలు కష్టమంతా ఒక్క ప్రశ్నలో ఉంది: వచ్చిన కాల్ ఎవరూ ఎత్తకపోతే తర్వాత ఎక్కడికి పోవాలి? ఈ ప్రశ్నను ప్రతి మలుపులోనూ వేసుకుంటూ రాసిన డయల్‌ప్లానే, అంటే కాల్ ఎటు పోవాలో చెప్పే నియమాల జాబితానే, నిలబడుతుంది.

అందుకే ముందు కాగితం మీద గీశాను. బయటి నుంచి కాల్ వచ్చింది, ఓపీ వేళా కాదా, మెనూలో ఏం నొక్కారు, ఏమీ నొక్కకపోతే ఎటు, ఆ ఫోన్ 20 సెకన్లు మోగినా ఎత్తకపోతే ఎటు. మన దేశంలో రింగ్ ఒక చుట్టు 3 సెకన్లు కాబట్టి 20 సెకన్లంటే ఆరేడు రింగులు. అంతకంటే ఎక్కువసేపు మోగిస్తే అవతలివాళ్లు విసిగి పెట్టేస్తారు.

ఎక్స్‌టెన్షన్ నంబర్లు కూడా కాగితం మీదే తేల్చాలి. చాలామంది 101 నుంచి మొదలుపెడతారు. మన దగ్గర అది పనికిరాదు. 100 పోలీసు, 101 ఫైరింజన్, 104, 108, 112 అన్నీ ఆ వరసలోనే ఉన్నాయి. వార్డులో ఎవరైనా కంగారుగా 108 నొక్కితే ఎనిమిదో గది ఫోన్ మోగకూడదు కదా. అందుకని 201 నుంచి 214 వరకు ఇచ్చాను.

మిషన్ విషయానికొస్తే, ఈ పరిమాణానికి 4 జీబీ మెమరీ ఉన్న మామూలు డెస్క్‌టాప్ చాలు. డబ్బు పెట్టాల్సింది యూపీఎస్ మీద. సర్వర్‌తోపాటు రౌటర్, ఫోన్లకు కరెంటు ఇచ్చే పీఓఈ స్విచ్ కూడా అదే యూపీఎస్ మీద ఉండాలి. సర్వర్ ఒక్కటే బతికి ఉంటే ప్రయోజనం లేదు. డెబియన్ 12 వేసుకుంటే దాని రిపాజిటరీలో ఆస్టరిస్క్ ప్యాకేజీ ఉండదు, సోర్స్ నుంచి కంపైల్ చేసుకోవాలి. దీర్ఘకాల మద్దతు ఉన్న 20 గానీ 22 గానీ తీసుకోండి. సోర్స్‌లోనే ఉన్న ఇన్‌స్టాల్-ప్రీరెక్ స్క్రిప్ట్ నడిపితే కావాల్సిన లైబ్రరీలన్నీ దిగుతాయి. తర్వాత వరసగా కాన్ఫిగర్, మేక్, మేక్ ఇన్‌స్టాల్, సర్వీసుగా నిలవడానికి మేక్ కాన్ఫిగ్. చాలా గైడ్లు మేక్ శాంపిల్స్ కూడా కొట్టమంటాయి. అది కొడితే నమూనా ఫైళ్లు గుట్టలుగా పడి, అందులో ఏ లైను మనది, ఏది డెమోది అన్నది తేలదు. దానికి బదులు మేక్ బేసిక్-పీబీఎక్స్ మేలు. కాకపోతే అందులో మాడ్యూళ్లు వాటంతటవి లోడ్ కావు. డయల్‌ప్లాన్‌లో రాసిన అప్లికేషన్ దొరకలేదని లాగ్‌లో కనిపిస్తే మాడ్యూల్స్ ఫైల్లో దాని పేరు చేర్చాలి.

పాత గైడ్లలో సిప్ డాట్ కాన్ఫ్ అనే ఫైల్ రాయమని ఉంటుంది. ఆ పాత సిప్ మాడ్యూల్‌ను 21వ వెర్షన్ నుంచి పూర్తిగా తీసేశారు. ఇప్పుడంతా దాని స్థానంలో వచ్చిన పీజేసిప్ మాడ్యూలే. అందులో ఒక్కో ఫోనుకు మూడు ముక్కలు రాయాలి: ఫోన్ అమరికలకు ఎండ్‌పాయింట్, పాస్‌వర్డ్‌కు ఆథ్, ఫోన్ ఏ అడ్రస్‌లో ఉందో గుర్తుంచుకోవడానికి ఏఓఆర్. కొత్తవాళ్లు ఎక్కువగా ఆగిపోయేది ఏఓఆర్ దగ్గర. మ్యాక్స్ కాంటాక్ట్స్ విలువ ఇవ్వకపోతే అది సున్నా అని అర్థం, పాస్‌వర్డ్ సరిగ్గా ఉన్నా ఫోన్ రిజిస్టర్ కాదు. అక్కడ 1 పెట్టి, రిమూవ్ ఎగ్జిస్టింగ్‌కు యెస్ ఇవ్వండి. అప్పుడు ఫోన్ రీస్టార్ట్ అయినప్పుడు పాత రిజిస్ట్రేషన్ అడ్డుపడదు. గొంతును డేటాగా మార్చే పద్ధతులను కోడెక్ అంటారు. అవన్నీ మూసేసి ఏ-లా (alaw) అనే ఒక్కటి తెరిచాను. మన టెలిఫోన్ నెట్‌వర్క్ నడిచేది దాని మీదే, మధ్యలో మార్పిడి ఉండదు, గొంతు శుభ్రంగా ఉంటుంది. హెడర్లతో కలిపి ఒక్కో కాల్‌కు ఒక్కో దిశలో దాదాపు 87 కిలోబిట్లు పడుతుంది. పది కాల్స్‌కి ఒక మెగాబిట్ లోపే. కాబట్టి నెట్ స్పీడు సమస్య కాదు. మొత్తం భవనానికి అదే లైన్ వాడుతూ, స్కాన్ ఫైళ్లు అప్‌లోడ్ అవుతున్నప్పుడు గొంతు తెగడమే సమస్య. రౌటర్‌లో వాయిస్ ప్యాకెట్లకు మొదటి వరస ఇవ్వాలి.

సర్వర్ ఏ అడ్రస్, ఏ పోర్టు మీద వినాలో చెప్పే ట్రాన్స్‌పోర్ట్ భాగంలో ఏదైనా మారిస్తే రీలోడ్ సరిపోదు, ఆస్టరిస్క్‌ను ఆపి మళ్లీ మొదలుపెట్టాలి. ఇది తెలియకపోతే సరైన మార్పు చేసి కూడా పనిచేయలేదనుకుని వెనక్కి తీసేస్తారు.

ట్రంక్ రెండు రకాలుగా వస్తుంది. యూజర్‌నేమ్, పాస్‌వర్డ్‌తో రిజిస్టర్ అయ్యేది ఒకటి, ఐపీ అడ్రస్‌ను బట్టి గుర్తుపట్టేది ఇంకొకటి. లైసెన్సు ఉన్న ఆపరేటర్ దగ్గరే తీసుకోవాలి. ఇంటర్నెట్‌లో వచ్చిన విదేశీ కాల్స్‌ను ఇక్కడి లైన్లలోకి దించడం నేరం, ఆ జోలికి ఎవరు అడిగినా పోవద్దు. రిజిస్టర్ అయ్యే రకంలో కరెంటు కోతలున్న ఊళ్లకు ఒక ముఖ్యమైన సంగతి ఉంది. మ్యాక్స్ రీట్రైస్ అనే అమరిక మామూలుగా 10, ఒక్కో ప్రయత్నానికి మధ్య 60 సెకన్లు. అంటే నెట్ పది నిమిషాలకు మించి పోతే ఆస్టరిస్క్ ప్రయత్నించడం మానేస్తుంది. నెట్ తిరిగి వచ్చినా ట్రంక్ పడే ఉంటుంది, కాల్స్ రావు, ఎవరికీ తెలియదు. అక్కడ 10000 పెట్టండి. ఒకసారి పాస్‌వర్డ్ తిరస్కరిస్తే ఇక ప్రయత్నించొద్దనే ఆథ్ రిజెక్షన్ పర్మనెంట్‌కు నో ఇవ్వండి.

వచ్చిన కాల్ ఎవరిదో ఐపీని బట్టి గుర్తుపట్టే ఐడెంటిఫై భాగంలో ఆపరేటర్ ఇచ్చిన ఐపీలన్నీ రాయాలి. వాళ్లు ఒక అడ్రస్‌కు రిజిస్టర్ కమ్మని, కాల్స్ మాత్రం ఇంకో అడ్రస్ నుంచి పంపడం మామూలే. లాగ్‌లో సరిపోయే ఎండ్‌పాయింట్ దొరకలేదని వచ్చి కాల్ తిరిగిపోతుంటే కారణం ఇదే. వచ్చే కాల్‌లో మన నంబరు ఏ రూపంలో ఉంటుందో కూడా ఊహించొద్దు. ఒకరు ప్లస్ 91తో పంపుతారు, ఒకరు సున్నాతో, ఒకరు ఉత్త పది అంకెలే. కన్సోల్‌లో పీజేసిప్ లాగర్ ఆన్ చేసి మొబైల్ నుంచి ఒక కాల్ కొడితే, కాల్ మొదలుపెట్టే ఇన్వైట్ అనే సందేశం మొదటి లైన్లోనే అది కనిపిస్తుంది. దాన్ని చూసి డయల్‌ప్లాన్ రాయండి.

ఇక అందరినీ ఏడిపించేది నాట్ (NAT), అంటే రౌటర్ లోపలి అడ్రస్‌లను బయటి అడ్రస్‌గా మార్చే పద్ధతి. కాల్ కలుస్తుంది, ఒకవైపు గొంతు వినపడదు. సర్వర్ తన లోపలి అడ్రస్‌ను బయటికి చెప్పడం వల్ల ఆడియో దారి తప్పుతుంది. ట్రాన్స్‌పోర్ట్‌లో ఎక్స్‌టర్నల్ మీడియా అడ్రస్, ఎక్స్‌టర్నల్ సిగ్నలింగ్ అడ్రస్, లోకల్ నెట్ మూడూ రాయాలి. ఎండ్‌పాయింట్‌లో డైరెక్ట్ మీడియా నో, ఆర్‌టీపీ సిమెట్రిక్ యెస్. రౌటర్‌లో సిప్ ఏఎల్‌జీ కట్టేయాలి. సాయం చేయడానికని పెట్టిన ఆ సౌకర్యం ప్యాకెట్లలో అడ్రస్‌లను తిరగరాసి అంతా చెడగొడుతుంది. కాల్ సరిగ్గా 32 సెకన్లకు తెగుతోందంటే అవతలివాళ్లు పంపే ఏసీకే (ACK) అనే అందినట్టు చెప్పే సందేశం మనకు చేరడం లేదు. 15 నిమిషాలకు తెగుతోందంటే కాల్ ఇంకా నడుస్తోందని మధ్యలో చెప్పుకునే సెషన్ టైమర్ రిఫ్రెష్ ఎక్కడో ఆగుతోంది. వాచీ చూసి సెకన్లు లెక్కపెడితే సగం రోగం తెలిసిపోతుంది. మిగతా సగానికి ఎస్‌ఎన్‌గ్రెప్ అనే చిన్న పరికరం చాలు. ఏ సందేశం ఎటు వెళ్లిందో బాణాలతో చూపిస్తుంది.

మెనూ గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే రోగులకు తగిలేది ఇదొక్కటే. కాల్ రాగానే ఆన్సర్, తర్వాత ఒక సెకను వెయిట్. ఆ సెకను లేకపోతే నమస్కారంలో ‘నమ’ వినపడకుండా పోతుంది. మాట వినిపిస్తూనే అంకె నొక్కనివ్వాలంటే ప్లేబ్యాక్ కాదు, బ్యాక్‌గ్రౌండ్ వాడాలి. గొంతు రికార్డు చేసిన ఫైల్ 8 కిలోహెర్ట్జ్, మోనో, 16 బిట్ వేవ్‌గా మార్చాలి. ఫోన్లో రికార్డు చేసిన 44.1 కిలోహెర్ట్జ్ స్టీరియో ఫైల్‌ను అలాగే పెడితే ఏమీ వినపడదు, లాగ్‌లో హెచ్చరిక మాత్రం ఉంటుంది. డయల్‌ప్లాన్‌లో ఫైల్ పేరు రాసేటప్పుడు చివర డాట్ వేవ్ రాయకూడదు.

ఆసుపత్రి పేరు, ఆ వెంటనే ‘అత్యవసరమైతే 1 నొక్కండి’. శుభాకాంక్షలు, ప్రకటనలు వద్దని గట్టిగా చెప్పాను. ఛాతీ నొప్పితో ఉన్న మనిషి ఇంట్లోవాళ్లు అవన్నీ వినే స్థితిలో ఉండరు. తర్వాత అపాయింట్‌మెంట్‌కు 3, ల్యాబ్ రిపోర్టులకు 4. మధ్యలో 2 ఎందుకు లేదంటే, మెనూలోంచి నేరుగా 201 లాంటి ఎక్స్‌టెన్షన్ కూడా నొక్కే వీలు ఇచ్చాం. 2 నొక్కగానే ఆస్టరిస్క్ ఇంకా అంకెలు వస్తాయేమోనని 5 సెకన్లు ఎదురుచూస్తుంది. అన్నిటికంటే ముఖ్యం, ఏమీ నొక్కనివాళ్లు. పెద్దవాళ్లలో చాలామంది నొక్కరు, మనిషి పలికేదాకా ఆగుతారు. వాళ్లను డయల్‌ప్లాన్‌లో టీ (t) అనే ప్రత్యేక ఎక్స్‌టెన్షన్ పట్టుకుంటుంది, తప్పు అంకె నొక్కినవాళ్లను ఐ (i) పట్టుకుంటుంది. రెండూ రిసెప్షన్‌కే పోవాలి. అక్కడ హ్యాంగప్ రాసిన డయల్‌ప్లాన్ చూస్తే నాకు ఒళ్లు మండుతుంది.

ఓపీ వేళల కోసం, సమయాన్ని బట్టి కాల్‌ను మళ్లించే గోటూ-ఇఫ్-టైమ్ వాడాను. ముందు సర్వర్ టైమ్‌జోన్ ఏషియా కోల్‌కతాకు మార్చాలి. యూటీసీలో ఉంటే ఉదయం 9కి తెరవాల్సిన మెనూ మధ్యాహ్నం రెండున్నరకు తెరుచుకుంటుంది.

అపాయింట్‌మెంట్లకు ఇద్దరు అమ్మాయిలు కూర్చుంటారు కాబట్టి క్యూ పెట్టాను. పద్ధతి ఆర్ఆర్-మెమరీ, అంటే ఒకరి తర్వాత ఒకరికి. రింగ్-ఇన్-యూజ్ నో అన్నా మాట్లాడుతున్న ఫోన్ మళ్లీ మోగుతుంటే, ఎండ్‌పాయింట్‌లో డివైస్ స్టేట్ బిజీ ఎట్ 1 చేర్చాలి. 45 సెకన్లు దాటితే కాల్ డ్యూటీ మొబైల్‌కు మళ్లుతుంది. అలా మళ్లిన కాల్ ట్రంక్‌లో రెండు చానళ్లు తింటుందని గుర్తుంచుకుని చానళ్లు కొనండి. వాయిస్‌మెయిల్ పెట్టలేదు. పెట్టినా ఎవరూ వినరు.

బయటికి వెళ్లే కాల్స్‌కు నంబరు నమూనాలు రాయాలి. మొబైల్‌కు ముందు అండర్‌స్కోర్, బ్రాకెట్లలో 6 నుంచి 9, తర్వాత తొమ్మిది ఎక్స్‌లు (ఎక్స్ అంటే ఏ అంకైనా). ఆ అండర్‌స్కోర్ మరిస్తే అది నమూనా కాదు, ఉత్త అక్షరాలే. 2021 జనవరి 15 నుంచి ల్యాండ్‌లైన్ నుంచి మొబైల్‌కు సున్నా తప్పనిసరి. ఆ సున్నా సిబ్బందిని నొక్కమనకుండా డయల్‌లోనే చేర్చాను. స్థానిక నంబర్లకు ఏడంకెల నమూనా, వేరే ఊళ్లకు సున్నాతో మొదలయ్యే పదకొండు అంకెలు. కాలర్ ఐడీగా ఆపరేటర్ మనకు కేటాయించిన నంబరే పంపాలి, లేకపోతే 403 (అనుమతి లేదు) అనే జవాబుతో తిప్పికొడతారు.

పాత ల్యాండ్‌లైన్‌ను ఎఫ్ఎక్స్ఓ గేట్‌వేతో, అంటే రాగి లైనును సిప్‌లోకి మార్చే పెట్టెతో, కలిపాను. రాగి తీగ మీద అవతలివాళ్లు పెట్టేశారన్న సంగతి గేట్‌వేకి చాలాసార్లు తెలియదు, లైన్ గంటల తరబడి పట్టుకునే ఉంటుంది. బిజీ టోన్ గుర్తుపట్టే అమరికలో మన దేశపు కొలతలు ఇవ్వాలి: 400 హెర్ట్జ్, 750 మిల్లీసెకన్లు మోత, 750 నిశ్శబ్దం. గేట్‌వేలో ముందే ఉండే అమెరికా విలువలతో ఇది ఎప్పటికీ పనిచేయదు.

భద్రత విషయంలో రాజీ పడలేదు. 5060 పోర్టును ఇంటర్నెట్‌కు తెరిచి పెడితే పాస్‌వర్డులు వెతికే స్కానర్లు త్వరలోనే వచ్చి పడతాయి. ఒక రాత్రి చాలు, విదేశీ కాల్స్ బిల్లు లక్షల్లో రావడానికి. ఫైర్‌వాల్‌లో ఆపరేటర్ ఐపీలకు తప్ప ఎవరికీ దారి లేదు. తప్పు పాస్‌వర్డులు కొట్టే ఐపీలను అడ్డుకునే ఫెయిల్2బ్యాన్ ఉంది. పాస్‌వర్డులు ఎక్స్‌టెన్షన్ నంబర్లు కావు. రెండు సున్నాలతో మొదలయ్యే నమూనా అసలు రాయలేదు, ఐఎస్‌డీని ఆపరేటర్ దగ్గర కూడా మూయించాను. డయల్‌ప్లాన్‌లో ఒక్కో విభాగాన్ని కాంటెక్స్ట్ అంటారు. బయటి కాల్స్ వచ్చే కాంటెక్స్ట్‌లో బయటికి వెళ్లే కాంటెక్స్ట్‌ను ఎప్పుడూ చేర్చకూడదు. లోపలికి వచ్చే కాల్‌కు డయల్‌లో ఆప్షన్‌గా చిన్న టీ (t) మాత్రమే ఇవ్వాలి, అది సిబ్బందికి ట్రాన్స్‌ఫర్ హక్కు. పెద్ద టీ (T) ఇస్తే ఆ హక్కు బయటివాడి చేతికి వెళ్తుంది.

పరీక్ష దగ్గర, కాగితం మీద గీసిన ప్రతి బాణాన్నీ ఒక మొబైల్‌తో నడిచి చూడాలి. మెనూలో అంకెలు అందకపోతే, నొక్కిన అంకెలను పంపే పద్ధతి అయిన డీటీఎంఎఫ్ మోడ్ ఆపరేటర్‌తో సరిపోలుతోందో చూడండి. చివరగా నెట్ కేబుల్ పీకేసి కాల్ చేయండి. సర్వరే అందనప్పుడు మన డయల్‌ప్లాన్ ఏమీ చేయలేదు కాబట్టి, ట్రంక్ దొరకని సమయంలో కాల్స్ రిసెప్షన్ మొబైల్‌కు మళ్లించమని ఆపరేటర్ వైపే రాయించుకోవాలి. చాలామంది ఆపరేటర్లు అడిగితేనే పెడతారు. దరఖాస్తు రోజే అడగండి.