78 కాదు, 80

శనివారం. పొద్దున్నే ఇడ్లీ పిండి రుబ్బి పులియడానికి పెట్టేసి బేస్‌మెంట్‌లోకి దిగాను. పక్కింటి పెద్దాయన పోయిన వారం ఒక అట్టపెట్టె నిండా రికార్డులు తెచ్చిచ్చాడు. వాళ్ల తాతగారివట. పందొమ్మిది ఉన్నాయి, అందులో మూడు ఇదివరకే రెండు ముక్కలైనవి. పైన ఉన్నది కొలంబియా వాళ్ల పాత డిస్కు. పియానో సోలో, అదీ ర్యాగ్‌టైమ్ (నూరేళ్ల కిందటి అమెరికా దరువు సంగీతం)! చేతులు కొంచెం వణికాయి.

ఎందుకంటే ఇవి అంతగా దొరకవు. 1925కి ముందు రికార్డింగులో మైకు వాడేవాళ్లు కాదు, పెద్ద గొట్టం ముందు కూర్చుని వాయించాల్సిందే. పియానో నాదం ఆ గొట్టంలో సరిగ్గా పడేది కాదు. డబ్బాలో గులకరాళ్లు వేసి ఊపినట్టు వచ్చేది. అందుకే తొలి రోజుల్లో ర్యాగ్‌టైమ్ అంటే బాంజో మీదో, బ్యాండు మీదో రికార్డు చేసేవాళ్లు. 1899లో అచ్చయిన 'మేపుల్ లీఫ్ ర్యాగ్'ని కూడా 1906లో మెరైన్ బ్యాండే వాయించింది. దాన్ని కట్టిన స్కాట్ జోప్లిన్ అమెరికాలో మేముండే ఈ సెయింట్ లూయిస్‌లోనే, ఇప్పటి డెల్మార్ బులెవార్డులో కొన్నాళ్లు కాపురం ఉన్నాడు. ఆయన వాయించిన గ్రామఫోను డిస్కు ఒక్కటి కూడా లేదు. 1916లో కొన్ని పియానో రోళ్లకి వాయించాడు, 1917లో పోయాడు. రోలు అంటే చిల్లులు పొడిచిన కాగితం. ఏ కట్ట (వేలితో నొక్కే మెట్టు) ఎప్పుడు దిగిందో అందులో ఉంటుంది గానీ, వేలు ఎంత బరువుగా పడిందో ఉండదు. అది వినాలంటే ఇలాంటి గరగరల డిస్కులే గతి, ఎవరు వాయించినవైనా సరే.

డిస్టిల్డ్ వాటర్‌తో, మెత్తటి బ్రష్‌తో, లేబుల్ తడవకుండా కడిగాను. మొదట్లో ఒకదాన్ని స్పిరిట్‌తో తుడిచి నాశనం చేశాను. ఈ డిస్కులు షెల్లాక్‌తో చేసినవి, షెల్లాక్ అంటే లక్కే కదా, స్పిరిట్ తగిలితే కరుగుతుంది. (ఆ లక్క చాలామటుకు మన దేశం నుంచి ఓడల్లో వచ్చిందే. తిరిగి నా చేతిలోనే కరగాలని రాసిపెట్టి ఉంది కాబోలు.) సూది కూడా ఎల్పీలది (తర్వాత వచ్చిన ప్లాస్టిక్ రికార్డులది) పనికిరాదు, గాడి అడుగున ఊరికే దొర్లుతుంది. దానికి మూడింతలు లావుది కావాలి.

డిస్కు ఆరింది, వేశాను. మూడు నిమిషాలు. ఒకచోట అడ్డంగా గీత ఉంది, చుట్టుకొకసారి టిక్కుమంటోంది. సాఫ్ట్‌వేర్‌తో ఆ టిక్కు తీసేస్తే దాంతోపాటు కట్ట మీద దెబ్బ కూడా పోయి, పియానో కాస్తా దూదిలో పెట్టినట్టయింది. వద్దనుకుని తీసేసిన టిక్కుని మళ్లీ పెట్టేశాను. పెద్దాయనకి శుభ్రం చేసిన కాపీ ఒకటి ఇద్దాం, అసలు ఫైలు జోలికి పోవద్దు.

ఇంతలో నాన్న వీడియో కాల్. పద్యనాటకాలకి ముప్పై ఏళ్లు హార్మోనియం వాయించిన మనిషి. ఫోను స్పీకర్ దగ్గర పెట్టాను.

"కుడిచెయ్యి తాళం తప్పుతోందేమిట్రా?"

"తప్పట్లేదు నాన్నా, కావాలనే దెబ్బకీ దెబ్బకీ మధ్యలో వేస్తాడు. ఎడంచెయ్యి చూడు, తాళం అక్కడుంది."

కాసేపు విన్నాడు. వెనక హార్మోనియం బెల్లో కదిలిన చప్పుడు.

"సరే గానీ, ఇది ఏ కట్టకీ కూర్చోవట్లేదు. నాలుగున్నర శ్రుతికీ అయిదు శ్రుతికీ మధ్యలో వేలాడుతోంది."

అప్పుడు వెలిగింది. నిమిషానికి 78 చుట్లు తిరుగుతాయని ఈ డిస్కుల్ని అందరం సెవెంటీ ఎయిట్ అంటాం గానీ అది పేరుకే, కొలంబియా వాళ్ల పాత డిస్కులు చాలా మటుకు 80 మీద తిరగాలి. నేనేమో అలవాటు కొద్దీ 78 మీద పెట్టాను. ఆ రెండు చుట్లకే శ్రుతి, పక్కపక్క కట్టల మధ్య ఉండే తేడాలో దాదాపు సగం దిగిపోతుంది. 1912 ప్రాంతంలో ఆ పియానోని ఏ శ్రుతికి కట్టారో ఎవరు చూశారు, నాన్న హార్మోనియం కూడా ఏమంత నమ్మకస్తురాలు కాదు. అయినా 80కి తిప్పి మళ్లీ వేశాను.

"ఊఁ, అయిదుకొచ్చింది" అన్నాడు నాన్న. "వెనక వైపు వెయ్యి."

వెనక వైపు ఇంకా కడగలేదు. ఆయనకేమో అన్నం వేళయింది, అమ్మ పిలుస్తోంది. ఉంటానన్నాడు గానీ ఫోను పెట్టలేదు, నేను బ్రష్ తడుపుతుంటే చూస్తూ కూర్చున్నాడు.