మంగళ, గురు, శని

మంగళవారం, రాత్రి తొమ్మిదిన్నర.

చెప్పుకోదగ్గ రోజేం కాదు. పొద్దున్న పలాసలో బస్సు తప్పిపోతే షేర్ ఆటోలో వెళ్లాను. ప్రార్థన అందలేదు. మధ్యాహ్నం గుడ్డు చిన్నదొచ్చిందని ఏడో తరగతిలో ఇద్దరు కొట్టుకున్నారు.

రెండో పీరియడ్ ఎనిమిదో తరగతికి లెక్కలు. వర్గమూలాలు మొదలుపెట్టానో లేదో, మూడో బెంచీ అమ్మాయి లేచి నిలబడింది. "కడుపునొప్పి మేడమ్, బయటికెళ్తాను." వెళ్లమన్నాను. పోయిన వారం ఇలాగే లేస్తే "నీ కడుపుకి వర్గాలంటే పడవేమో" అని నేనే అన్నాను. క్లాసంతా నవ్వింది, నేనూ నవ్వాను. ఇప్పుడిది రాస్తుంటే చెయ్యి ఆడడం లేదు.

క్లాసు మధ్యలో బయటికి పంపిన పిల్లల పేర్లు ఒక చిన్న పుస్తకంలో రాసుకోవడం నా అలవాటు. ఎప్పుడో ఒకడు గోడ దూకి జీడితోటల్లోకి పోయి సాయంత్రం దాకా దొరకలేదు, అప్పటి నుంచి రాస్తున్నాను. ఈరోజు ఖాళీ పీరియడ్‌లో ఊరికే తిరగేశాను. మూడు వారాల్లో ఆ అమ్మాయి పేరు తొమ్మిదిసార్లుంది. మంగళ, గురు, శని. మళ్లీ మంగళ, గురు, శని. ఒక్క సోమవారం లేదు, ఒక్క బుధవారం లేదు. లెక్కల పీరియడ్ రోజూ ఉంది కదా! లెక్కల టీచరునై ఉండి ఈ వరస చూడ్డానికి నాకిన్ని రోజులు పట్టింది.

ఇంటింటా కిడ్నీ జబ్బు మాట వినపడే మా ఉద్దానంలో ఉన్నవాళ్లకి ఈ వరస ఏమిటో వేరే చెప్పక్కర్లేదు. డయాలసిస్, అంటే పాడైన కిడ్నీల బదులు మిషన్‌తో రక్తం శుభ్రం చేయడం, మామూలుగా వారానికి మూడుసార్లు, ఒక్కోసారి దాదాపు నాలుగు గంటలు. కొందరికి సోమ, బుధ, శుక్ర. మిగతావాళ్లకి ఈ మూడు రోజులు.

అన్నాలప్పుడు వేపచెట్టు కింద ఆ పిల్ల పక్కన కూర్చున్నాను. కడుపు సంగతి ఎత్తలేదు. "ఇంటి దగ్గర వంటెవరు చేస్తన్నారమ్మా?" అన్నాను.

"నేనే మేడమ్. అమ్మా నాన్నా ఏడింటికే పలాస వెళ్లిపోతారు కదా."

తమ్ముడికి స్నానం, జడ, గిన్నెలు, తాళం. అన్నీ చెప్పింది. అడిగేవాళ్లు లేక దాచుకున్నట్టుంది. చివరికి అసలుది: "పదయ్యేసరికి నాన్న మిషన్ మీదుంటారు. ఓపాలి మిషన్ మీదుండగానే బీపీ పడిపోయింది. ఆ టైమైతే నాకిక్కడ ఏటోలాగుంటది" అని పొట్ట మీద చెయ్యేసుకుంది.

'నాతో ఎందుకు చెప్పలేదూ' అనబోయి నోరు మూసుకున్నాను. వర్గాల జోకు గుర్తొచ్చింది.

పక్కనే వాటర్ బాటిల్, మూత కూడా తీయలేదు. తాగలేదేమంటే, "నీల్లు తాగితే కిడ్నీ వచ్చీద్దంట మేడమ్." మా వైపు జబ్బు పేరే అది, కిడ్నీ. 2023 డిసెంబరులో హిరమండలం నుంచి పైపుల్లో నీళ్లు వచ్చాయి, పలాసలో ఆసుపత్రి వచ్చింది. ఆ జబ్బుకి ఫలానాదే కారణమని మాత్రం ఇంకా తేలలేదు. పెద్దవాళ్లు అరుగు మీద అనుకునే మాట పిల్ల చెవిలో పడి, దాహం వేసినా తాగకుండా చేసింది. నీళ్లు మానేస్తేనే కిడ్నీలకి కష్టమని రేపు సైన్సు మాస్టారి చేత క్లాసంతటికీ చెప్పించాలి. ఈ ఒక్క పిల్లతోనే ఆగి ఉంటుందని నాకు నమ్మకం లేదు.

2018 అక్టోబరులో తిత్లీ తుపాను తర్వాత పిల్లలు గాలి గట్టిగా వీస్తే చాలు బెంచీల కిందికి దూరేవారు. ఒక్కరినీ తిట్టలేదు. ఆ గాలికి మేమూ వణికాం కాబట్టి తెలిసింది. ఈ పిల్లది ఒంటరి భయం, మాకెవరికీ కనబడలేదు.

100 మందీ అంతకు మించీ పిల్లలున్న ప్రతి విద్యాసంస్థలో ఒక కౌన్సెలర్ ఉండాలని 2025 జూలై 25న సుప్రీంకోర్టు చెప్పింది. ఆ కేసు కూడా మన విశాఖలో చదువుకుంటూ చనిపోయిన ఒక అమ్మాయిది. మా బడిలో రెండు వందల మంది పైనే. కౌన్సెలర్ వచ్చే రోజు వస్తారు. స్టాఫ్ రూమ్ గోడ మీద టెలీ మానస్ కాగితం ఉంది, మనసు బాగోనప్పుడు ఫోన్ చేసే ప్రభుత్వ నంబరు, 14416. దాని మీద టైమ్‌టేబుల్ అంటించేశాం. సాయంత్రం ఆ కాగితం పైకెత్తి నేనే చేశాను. తెలుగులోనే మాట్లాడారు. 'ఏం కాదులే' అని కొట్టిపారేయొద్దన్నారు, దేనికి భయపడుతోందో దాన్నే మాట్లాడనివ్వమన్నారు. బెంగేనని మనమే తేల్చేయకుండా కడుపునొప్పి డాక్టరుకి కూడా చూపించమన్నారు. ఆ మాట నాకు తట్టనే లేదు. నీళ్లు తాగని పిల్ల కదా, నిజంగానే నొప్పి ఉండొచ్చు. వాళ్లమ్మతో రేపు మాట్లాడాలి.

అన్నట్టు, వేపచెట్టు కిందే నా ఫోన్ నుంచి వాళ్లమ్మకి కలిపిచ్చాను. "దిగిపోయారా? ఆటో దొరికిందా? నాన్న ఇడ్లీ తిన్నారా?" మూడే ప్రశ్నలు. ఫోన్ తిరిగిచ్చి, పళ్లెంలో మిగిలిన అన్నం తినేసింది.

గురువారం రెండో పీరియడ్ మధ్యలో ఒకసారి మాట్లాడించాలి. బుధవారం రాత్రి ఫోన్ చార్జింగ్ పెట్టడం మర్చిపోకూడదు.