బోటు సెల్ఫ్ తిరగకపోతే మోటారు విప్పకండి, ముందు మీటరు పెట్టండి

తాళం తిప్పగానే ‘టక్’మని ఒక్కసారి మోగి ఊరుకుంటే, సెల్ఫ్ మోటారు కాలిపోయిందని చాలామంది దాన్నే ముందు విప్పుతారు. ఉప్పునీళ్లలో తిరిగే బోట్లలో తప్పు ఎక్కువగా ఉండేది బ్యాటరీకీ మోటారుకీ మధ్య వైర్లలోనే.

చప్పుడు సగం సంగతి చెప్పేస్తుంది. టకటకటకమని గబగబా కొట్టుకుంటే బ్యాటరీ దిగిపోయింది, లేదా టెర్మినల్ వదులైంది. ఒక్క టక్‌తో ఆగితే రిలే (మోటారుకు కరెంటు కలిపే స్విచ్) కదులుతోంది, మోటారుకే కరెంటు చాలడం లేదు, లేదా ఇంజను బిగుసుకుపోయింది. చప్పుడే లేకపోతే ఫ్యూజు, న్యూట్రల్ స్విచ్ (గేరులో ఉంటే సెల్ఫ్ తిరగనివ్వనిది) చూడండి. గేరు కేబుల్ కాస్త జారినా ఆ స్విచ్ సరిగా నొక్కుకోదు.

12 వోల్టుల బ్యాటరీ పనిలేకుండా ఉన్నప్పుడు వోల్టు మీటరు 12.6 వోల్టులు చూపిస్తే నిండుగా ఉన్నట్టు, 12.2 అయితే సగమే. కానీ ఈ కొలత ఒక్కటే నమ్మొద్దు. కిల్ స్విచ్ (ఇంజనును వెంటనే ఆపేసే స్విచ్) క్లిప్పు తీసేసి (ఇంజను అందుకోకుండా), ఇంకొకరు తాళం తిప్పుతుండగా మళ్లీ కొలవండి. 9.6 కన్నా దిగితే ముందు బ్యాటరీని చార్జి చేసి పరీక్షించాలి. అక్కడ 10.5 నిలబడి, మోటారు స్టడ్ (వైరు బిగించే బోల్టు) దగ్గర 7 మాత్రమే వస్తే మధ్యలో మూడున్నర వోల్టులు పోతున్నట్టే.

ఎక్కడ పోతున్నాయో పట్టుకోవడం తేలిక. తాళం తిప్పుతుండగానే మీటరు ఒక పిన్ను బ్యాటరీ ప్లస్ టెర్మినల్ సీసం మీద (క్లాంపు మీద కాదు), రెండోది మోటారు స్టడ్ మీద పెట్టండి. అర వోల్టు దాటకూడదు. అలాగే మైనస్ నుంచి ఇంజను బాడీకి 0.3 దాటకూడదు. దాటితే ఒక్కో అతుకుకీ అటూ ఇటూ పిన్నులు పెట్టి చూడండి. అంకె ఎక్కడ పెద్దదైతే తప్పు అక్కడే.

పైకి నిగనిగలాడే వైరును నమ్మకండి. లగ్గు (వైరు చివర బోల్టుకు తగిలించే లోహపు ముక్క) దగ్గర తొడుగు అంగుళం కోసి చూడండి. లోపలి రాగి తీగలు నల్లబడి, పచ్చటి చిలుము పట్టి ఉంటే కొత్త లగ్గు వేసినా లాభం లేదు, వైరే మార్చాలి. కళాయి పూసిన రాగి వైరు వేసి, లగ్గు గట్టిగా క్రింప్ చేసి (నొక్కి బిగించి), జిగురున్న హీట్ ష్రింక్ (వేడికి ముడుచుకునే గొట్టం) ఎక్కించండి. బ్యాటరీ మీది రెక్కల నట్లు తీసేసి స్పానరుతో బిగించే నట్లు వేయండి. రెక్కల నట్లు అలల అదురుకు వదులవుతాయి. విప్పేటప్పుడు మైనస్ ముందు, బిగించేటప్పుడు చివర. పెట్రోలు వాసన వస్తుంటే గాలి ఆడేదాకా బ్యాటరీ ముట్టుకోవద్దు.

మోటారు దగ్గర తొమ్మిదిన్నర పైనే వస్తున్నా తిరగకపోతే, ప్లగ్గులు తీసి ఫ్లైవీల్‌ను చేత్తో సవ్యదిశలో తిప్పండి. కదలకపోయినా, ప్లగ్గు రంధ్రంలోంచి నీళ్లు వచ్చినా అది సెల్ఫ్ జబ్బు కాదు. తేలిగ్గా తిరిగితే అప్పుడు మోటారు విప్పండి, కార్బన్ బ్రష్షులు అరిగో ఇరుక్కునో ఉంటాయి. మోటారు జుయ్‌మని తిరిగి ఫ్లైవీల్ కదలకపోతే పినియన్ (మోటారు నుంచి పైకి లేచి ఫ్లైవీల్‌ను పట్టే చిన్న పళ్ల చక్రం) మర మీద ఉప్పు, ముదిరిన గ్రీజు పేరుకున్నాయి. కిరోసిన్‌తో కడిగి పల్చటి నూనె చుక్క వేస్తే చాలు. చిక్కటి గ్రీజు రాస్తే మళ్లీ అంటుకుపోతుంది.

సముద్రం మధ్యలో అయితే చిన్న ఇంజన్లకు ఫ్లైవీల్ గాడిలో తాడు చుట్టి లాగొచ్చు. అలా లాగేటప్పుడు న్యూట్రల్ రక్షణ పనిచేయదు, గేరు కంటితో చూసుకోవాలి. ఇంజను అందుకున్నాక బ్యాటరీ వైర్లు పీకకండి, రెక్టిఫయర్ (బ్యాటరీ చార్జికి కరెంటును మార్చే భాగం) కాలిపోవచ్చు.