మా మినీ ట్రాక్టరు లోడరు ఒక పక్కకు ఒరిగినప్పుడు

పెంటకుప్ప ఎత్తుతుండగా మా 27 హార్స్ పవర్ మినీ ట్రాక్టరు లోడరు బకెట్టు కుడి మూల, కుప్ప అడుగున కూరుకుపోయిన బండరాయికి గట్టిగా తగిలింది. ఆ రోజు దిగి చూస్తే ఎక్కడా పగులు గాని వంపు గాని కనిపించలేదు. వారం గడిచాక బర్రెల కొట్టం ముందు నేల గీకుతుంటే కుడి మూల సిమెంటును రాసుకుపోతోంది, ఎడమ మూల కింద రెండు వేళ్లు దూరేంత సందు ఉంది.

ట్రాక్టరును చూసిన ఫిట్టరు బకెట్టును ఆయిలు ఒత్తిడితో లేపే రెండు సిలిండర్లలో ఒకటి బలహీనపడిందని, రెండూ మార్చాలని చెప్పాడు. అంత డబ్బు పెట్టే ముందు నేను ఆయిలు గొట్టాల దారి చూసుకున్నాను. లేపే సిలిండర్లు రెండింటికీ ఆయిలు ఒకే గొట్టం నుండి చీలి వెళ్తుంది, పైగా బకెట్టును మోసే రెండు ఇనుప చేతులనూ మధ్యలో ఒక మందపాటి అడ్డ పైపు కలిపి వెల్డు చేసి ఉంటుంది కాబట్టి, ఒక సిలిండరులో సీలు పోయినా చేతులు రెండూ కలిసే దిగుతాయి గాని ఒకటే కిందికి జారదు. ఖాళీ బకెట్టును పైకి లేపి, ఇంజను ఆపి, కింద ఎవరినీ నిలవనీయకుండా అరగంట దూరం నుండి చూశాను. బకెట్టు కొద్దిగా దిగింది, ఒరుగు మాత్రం అలాగే ఉంది. దోషం ఆయిలులో కాదు, ఇనుములో ఉందని అప్పుడు నమ్మకం కుదిరింది.

కొలతలు మొదలుపెట్టగానే నేను చేసిన పొరపాటు, ట్రాక్టరును కొట్టంలోనే నిలపడం. మూత్రం, కడిగిన నీళ్లు కాలువలోకి జారడానికి కొట్టం నేలను వాలుగానే పోస్తారు. మా నేల దాదాపు 60 అంగుళాలకు ఒక అంగుళం వాలు. ఆ వాలు మీద తీసిన కొలత ఎందుకూ పనికిరాదు. అందుకని వడ్లు ఆరబోసే సిమెంటు కల్లం మీదికి తీసుకుపోయి, మేస్త్రీలు వాడే నీళ్ల గొట్టంతో నాలుగు చక్రాలు నిలిచే చోటు మట్టం చూసుకుని, అక్కడ కొలిచాను. 135 సెంటీమీటర్ల వెడల్పు బకెట్టులో కుడి మూల ఎడమ మూల కంటే 34 మిల్లీమీటర్లు కింద ఉంది.

ఆ తరువాత టైర్లు. ముందు ఇరుసు మధ్యలో ఒకే పిన్ను మీద అటూ ఇటూ ఊగుతుంది కాబట్టి, ట్రాక్టరు ఒంటిని ఒక పక్కకు వంచేది వెనక టైర్లే. కుడి వెనక టైరులో 11 పాయింట్లు, ఎడమ దాంట్లో 16 పాయింట్ల గాలి ఉంది. రెండూ సమానం చేస్తే 34 కాస్తా 26కు వచ్చింది. గాలి గేజీ ఒక్కదానితో పోయిన ఆ ఎనిమిది మిల్లీమీటర్లు నాకు గొప్ప సంతోషం కలిగించాయి.

అసలు దోషం చేతులను మోసే నిలువు పోస్టుల దగ్గర దొరికింది. నేల నుండి రెండు పోస్టుల పై పిన్నుల ఎత్తు కొలిస్తే కుడిది 7 మిల్లీమీటర్లు తక్కువ. పోస్టుల మధ్య దూరం 75 సెంటీమీటర్లే, బకెట్టు దానికి దాదాపు రెట్టింపు వెడల్పు కనుక అక్కడి 7 బకెట్టు దగ్గర 12 దాటుతుంది. కుడి బ్రాకెట్టును ట్రాక్టరు ఒంటికి పట్టి ఉంచే బోల్టుల మీది బురద తుడిస్తే, ఒకదాని వాషరు చుట్టూ ఎర్రటి తుప్పు పొడి కనిపించింది. పానా పెట్టగానే అది వేలితో తిప్పినంత తేలికగా తిరిగింది.

లోడరును దాని స్టాండ్ల మీద నిలిపి, ఇంజను ఆపి, లివరును నాలుగు వైపులా కదిపి గొట్టాల్లోని ఒత్తిడి తీసేశాకే కప్లింగులు విప్పాను. కారుతున్న గొట్టాన్ని చేత్తో తడమకూడదు, అట్టముక్క అడ్డం పెట్టి చూడాలి. సన్నటి ధారగా వచ్చే ఆయిలు చర్మంలోకి దూరిపోతుంది. బ్రాకెట్టు ఊడదీసి లేతు షాపుకు తీసుకుపోతే అక్కడి పెద్దాయన రంధ్రంలో వేలు పెట్టి తిప్పి చూశాడు.

"రంధ్రం కోడిగుడ్డు లెక్క సాగింది బిడ్డా, కొత్త బోల్టు ఏస్తే ఏం లాభం?"

"మరి ఏం చేద్దాం కాకా?"

ఆయన సాగిన రంధ్రాల మీద 10 మిల్లీమీటర్ల మందం పట్టీ ముక్కలను సరైన కొలతకు తొలిచి వెల్డు చేశాడు. బకెట్టు కుడి పిన్ను చుట్టూ ఉండే బుష్ (చిన్న గొట్టం లాంటి తొడుగు) కూడా అరిగిపోయి ఉంటే కొత్తది కొట్టించాను.

తిరిగి బిగించేటప్పుడు గట్టి రకమైన 8.8 గ్రేడు కొత్త బోల్టులను రెండు పక్కలా చేతి బిగువుకే వదిలి, బకెట్టును కల్లం మీద చదునుగా దించి, ముందు చక్రాల మీద బరువు తగ్గే దాకా మెల్లగా నొక్కి, పోస్టులు సర్దుకున్నాక ఎదురెదురు వరుసలో, బిగువు ఎంతో కొలిచి చూపే టార్క్ రెంచితో బిగించాను. మా లోడరు పుస్తకంలో ఆ 16 మిల్లీమీటర్ల బోల్టుకు 200 న్యూటన్ మీటర్ల బిగువు అని ఉంది. కొలిస్తే ఒరుగు 11కు దిగింది.

మిగిలిన 11 రాయి దెబ్బకు మెలిపడిన చేతులది. అడ్డ పైపు వెల్డుల మీద కిరోసిన్ పూసి, తుడిచి, సుద్ద రాసి చూశాను. పగులు ఉంటే సుద్ద మీద తడి గీత తేలుతుంది, ఏమీ తేలలేదు. అప్పుడు కిందికి ఉన్న కుడి మూల కింద నాలుగంగుళాల తుమ్మ దిమ్మె పెట్టి, చుట్టుపక్కల ఎవరూ లేకుండా చూసుకుని, బకెట్టును కొంచెం కొంచెంగా నొక్కాను. ఇనుము స్ప్రింగులా వెనక్కి వస్తుంది కాబట్టి ప్రతిసారీ ఎత్తి కొలిచి, మళ్లీ నొక్కాను. నాలుగోసారికి 3 మిల్లీమీటర్లకు చేరింది. అక్కడితో ఆపేశాను, ఆ మూడింటి కోసం వెల్డును పణం పెట్టడం నాకు ఇష్టం లేకపోయింది. బోల్టులు వదులుగా ఉన్నప్పుడే ఎవరైనా ఈ దిమ్మె పని మొదలుపెడితే, ఆ బలమంతా చేతుల మెలి తీయకుండా రంధ్రాలను ఇంకా సాగదీస్తుంది.

పది గంటల పని తరువాత రెంచి పెట్టి చూస్తే ఒక బోల్టు ఇంకా కొంచెం తిరిగింది. దాన్ని బిగించి, ప్రతి బోల్టు తల నుండి బ్రాకెట్టు మీదికి తెల్ల పెయింటుతో ఒక గీత గీశాను. ఇప్పుడు పాలు పితికే వేళకు ముందు టార్చి వేసి ఆ గీతలు విరగకుండా ఉన్నాయో లేదో చూసి బండి తీస్తున్నాను. బండరాయిని గడ్డపారతో పెకలించడానికి మాత్రం మాకు ఒక పూట పట్టింది.