35కి పిల్లి ఫెయిల్ అంది

పదకొండు దాటింది. అత్తయ్య దగ్గు ఇప్పుడే కాస్త నెమ్మదించింది. నాకే నిద్ర పట్టడం లేదు.

చిన్నదాని స్క్రాచ్ (పిల్లలు బ్లాకులు పేర్చి ప్రోగ్రాం రాసేది) హోంవర్క్: మార్కులు అడిగి, పాసో ఫెయిలో పిల్లిబొమ్మ చేత చెప్పించాలి. ఆ ఆకుపచ్చ బ్లాకుల్లో పోల్చే గుర్తులు మూడే: <, =, >. ఎక్కువా, సమానమూ రెండూ కలిసిన >= లేనే లేదు. చిన్నది > తీసుకుని పక్క గడిలో 35 వేసింది. నేను 35 కొట్టాను. పిల్లి "ఫెయిల్" అంది.

నేను 35 ఎందుకు కొట్టానో చెప్పాలిగా. పదో తరగతి లెక్కల్లో నావి సరిగ్గా 35. అత్తెసరు. ఆరోజు నాన్న వసారాలో కళ్ళజోడు తుడుచుకుని, మళ్ళీ పెట్టుకుని, ఆ అంకె మీద వేలు ఆనించి చాలాసేపు అలాగే ఉండిపోయారు. తిడతారనుకున్నా. "పోన్లే, ఒడ్డున పడ్డావు" అని పకోడీల పొట్లం విప్పారు. తప్పినా ఆ పొట్లం నాకే ఇచ్చేవారట. అమ్మ చాలా ఏళ్ళకి చెప్పింది.

సరే, చిన్నది "ఏముందమ్మా" అంటూ 35 చెరిపి 34 పెట్టేసింది. పిల్లి పాస్ అంది. ఇద్దరం గంతులేశాం.

ఆన్‌లైన్ క్లాసు సార్ మాత్రం "రాంగ్ లాజిక్" అని పదికి నాలుగు వేశారు. అంతే, ఆ రెండు ముక్కలే. ఫీజు గడువుకి మూడు మెసేజీలు పెట్టే మనిషికి తప్పెక్కడో చెప్పే తీరిక లేదా? జవాబు సరిగ్గానే వస్తోందిగా! ఈ ఆలోచనలోనే రాత్రి ఉప్మా మాడ్చాను. ఇంత పొడుగు మెసేజ్ కూడా టైపు చేశాను.

పంపేముందు ఎందుకో 34.5 కొట్టి చూశా. పాస్!

"మార్కుల్లో అర ఎక్కడిది?" అన్నారీయన. దాని యూనిట్ టెస్టు పేపర్లు ఎప్పుడైనా తిప్పి చూస్తేగా! నిండా అరలే.

మెసేజ్ చెరిపేశా. >, = రెండింటినీ 'ఆర్' (లేదా) బ్లాకులో ఇరికించా, పనిచేసింది గానీ చాంతాడంత అయింది. తర్వాత తట్టింది, 'నాట్' (కాదు) బ్లాకులో < 35 పెడితే చాలు. 35కి తగ్గకూడదనేగా మనం నోటితో అనేది కూడా. పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషలో అయితే >= అని కొడితే సరిపోతుందట. ఇక్కడా ఆ ఒక్క బ్లాకు పెడితే వీళ్ళ సొమ్మేం పోయిందో!

ఇప్పుడు 34.5కి ఫెయిల్, 35కి పాస్. 35 మూడుసార్లు కొట్టి చూసుకున్నా.

పొద్దున చిన్నదానికి చూపించాలి. సార్‌కి ఇంకేమీ రాయను. లేదు, రాస్తాను. మరీ నాలుగేమిటి?