లావొక్కింతయు లేదు

"లావొక్కింతయు లేదు, ధైర్యము విలోలంబయ్యె, ప్రాణంబులున్ ఠావుల్ దప్పెను, మూర్ఛ వచ్చె, తనువున్ డస్సెన్..."

చిన్నప్పుడు ఈ పద్యం గుక్కతిప్పుకోకుండా అప్పజెప్పేదాన్ని. అర్థం తెలిసింది మాత్రం రెండో కీమో అయిన వారం, బాత్రూమ్ దాకా గోడ పట్టుకుని నడుస్తున్నప్పుడు. బలం లేదు, ధైర్యం ఊగిపోతోంది, కళ్లు తిరుగుతున్నాయి, ఒళ్లు డస్సింది. పోతన గజేంద్రుడు ఉన్నదున్నట్టు చెప్పుకున్నాడు. ఎక్కడా బింకం లేదు.

నాకున్నదంతా బింకమే. రొమ్ములో గడ్డ చేతికి తగిలితే నొప్పి లేదు కదా అని రెండు నెలలు ఊరుకున్నాను. ఈ జబ్బులో గడ్డ చాలామందికి నొప్పి పుట్టదట, అది తర్వాత తెలిసింది. 21 రోజులకోసారి చొప్పున 8 కీమోలు, ఆపైన ఆపరేషన్, రేడియేషన్. జుట్టు ఊడితే స్కార్ఫ్ కట్టుకుని, ఎనిమిదేళ్ల పాపతో "అమ్మకు జ్వరం" అంటూ నెట్టుకొచ్చాను. ధైర్యంగా ఉండమని అందరూ అన్నారు. ఎలా ఉండాలో ఎవరూ చెప్పలేదు!

గజేంద్రుడూ వేయేళ్లు సొంత బలంతోనే లాగాడు. నీళ్లలో మొసలికి బలం పెరుగుతుంటే ఆయనకు తరిగిపోయింది. మందంతా ఒడ్డునే ఉంది, ప్రేమ లేక కాదు, చేయగలిగింది లేక. ఇది అర్థమయ్యాక మావాళ్ల మీద లోపల దాచుకున్న కోపం కొంత తగ్గింది.

"నీవే తప్ప నితఃపరం బెరుగ" అని దేవుడితో అనడం నాకు తేలికే. పిల్లతో అనడానికే నోరు రాలేదు. ఒక రాత్రి అనేశాను. "అమ్మకు ఓపిక లేదురా, భయంగా కూడా ఉంది."

"నాకు తెలుసు. నిద్రలో నీ స్కార్ఫ్ జారిపోతుందిగా" అంది. కాసేపాగి, "మంచినీళ్లు తేనా?" అంది.

ఆపరేషన్‌లో చంకలోని గ్రంథులు తీశారు, చెయ్యి పైకి లేచేది కాదు. గోడ మీద వేళ్లతో పాకిస్తూ రోజూ కొంచెం కొంచెం ఎక్కించాలి. పాప తన ఎత్తు కొలుచుకునే గోడ దగ్గరే నన్ను నిలబెట్టి, వేళ్లు ఆగినచోట పెన్సిల్ గీత పెట్టేది. మొదటి వారం నా గీత దాని గీతకన్నా కిందే. "ఇవాళ నా తలకాయ దాటేశావ్" అన్న రోజు ఇద్దరం ఎగిరినంత పనిచేశాం, నొప్పితోనే.

సిరికి కూడా చెప్పకుండా పరుగెత్తుకొచ్చిన ఆ స్వామి నీకోసం వచ్చాడా అని ఒకరు అడిగారు. నా చక్రం సెలైన్ స్టాండుకు వేలాడుతూ, తేదీ ప్రకారమే వచ్చింది. వచ్చిందనే నమ్ముతాను.

అయితే ఆ పద్యానికి ముందే గజేంద్రుడికి ఇంకో మాట వస్తుంది, "కలడు కలండనెడువాడు కలడో లేడో" అని. ఏటా మామోగ్రామ్ తీయించుకుని, రిపోర్టు చేతికి వచ్చేదాకా నేను ఆ పద్యం దగ్గరే కూర్చుని ఉంటాను.